‘లేసు సంగతి వద్దు, పాట పాడు’

ప్రశ్న:

అన్నయ్య గారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. పెళ్ళయి హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ సంక్రాంతికి మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెడుతున్నారు. అందులో ‘నా తొలి సంపాదన’ అని ఒక కార్యక్రమం ఉంది. చిన్నప్పుడు ఏ పని చేసి మొదటి రూపాయి తెచ్చుకున్నామో ఒక్కొక్కరు అయిదు నిమిషాలు చెప్పాలి. ఒకాయన సినిమా హాల్లో సోడాలు అమ్మాడు. ఒకాయన రేవులో గోదావరి దాటించే పంటు దగ్గర టిక్కెట్లు చింపాడు. ఇంకొకాయన రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా పడుకున్నాడు. నేను ఆరో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా లేసు అల్లాను. బడి నుంచి వచ్చాక రోజూ మూడు గంటలు, ఆదివారం ఆరు గంటలు. నెలకు యాభై రూపాయలు వస్తే గొప్ప. చేపల పులుసు వండిన రోజు అమ్మ మమ్మల్ని దారం ముట్టుకోనిచ్చేది కాదు. 1996 నవంబరు తుపానుకు కరెంటు పోయినప్పుడు కిరోసిన్ బుడ్డి దగ్గర అల్లితే మసి పడి రెండు పూలు పాడయ్యాయి. దారం ఇచ్చి అల్లించుకునే ఏజెంటు ఆ వారం కూలి మొత్తం పట్టుకున్నాడు.

నిర్వాహకుల్లో మా అన్నయ్య ఒకడు. నా పేరు రాయమంటే, ‘లేసు సంగతి వద్దులే, ఇంట్లో కూర్చుని అల్లుకోవడం ఉద్యోగం ఎలా అవుతుంది? నువ్వు పాట పాడు’ అన్నాడు. అమ్మను అడిగితే, ‘ఊసుపోక అల్లుకునేవాళ్ళం, అదీ ఒక పనేనా’ అంది.

ఇంకో సంగతి. అన్నయ్య పదో తరగతి సెలవుల్లో సైకిల్ షాపులో పని చేశాడు. జీతానికి బదులు ఆ షాపాయన ఒక సైకిలు ఇచ్చాడని, దాని మీదే కాలేజీకి వెళ్ళి పైకి వచ్చానని ఎక్కడ మైకు దొరికినా చెబుతాడు. నిజానికి ఆయన ఇచ్చింది తుప్పు పట్టిన ఫ్రేము ఒక్కటే. చక్రాలు, చైను, సీటు వేయించడానికి అమ్మ నాలుగు వందలు కట్టింది. అవి పాల డబ్బాలో దాచిన లేసు డబ్బులు, అమ్మవీ నావీ. ‘వాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు’ అంది. ముప్పై ఏళ్ళుగా చెప్పలేదు.

మా అమ్మాయికి పదహారేళ్ళు. ఫోనులో వీడియోలు చూసి అల్లిక నేర్చుకుని, పూలు అల్లి స్నేహితులకు ఒక్కొక్కటి నూట యాభైకి అమ్ముతోంది. ‘ఇది నా బిజినెస్’ అంటోంది. వినడానికి నవ్వు వస్తోంది, ఎందుకో ఏడుపూ వస్తోంది. నేను వేదిక ఎక్కాలా? ఎక్కితే ఏం చెప్పాలి? సైకిలు సంగతి అన్నయ్యకు చెప్పవచ్చా?

– ఒక చెల్లెలు, హైదరాబాదు

సమాధానం:

చెల్లెమ్మా,

ముందు పాట సంగతి తేల్చేద్దాం. పాడకండి. అక్కడ అడుగుతున్నది తొలి సంపాదన గురించి. ఉన్నవాళ్ళు దాని గురించి చెబుతారు, లేనివాళ్ళు కావాలంటే పాడతారు. మీకు ఉంది. మీ అన్నయ్య గారికి కార్యక్రమంలో పాట లేకపోతే వెలితిగా ఉంటుందనుకుంటే ఆయనే ఒకటి అందుకుంటారు.

ఇక అది ఉద్యోగమా కాదా అన్న మాట. దారం ఇంకొకరిది. నమూనా ఇంకొకరిది. ఏ రోజుకు ఇవ్వాలో ఇంకొకరు చెప్పారు. బాగుంటే కూలి ఇచ్చారు, మసి అంటితే పట్టుకున్నారు. ఇన్ని ఉన్న పనిని ఊసుపోక చేసిన పని అంటే, పంటు దగ్గర టిక్కెట్లు చింపినాయన కూడా గోదావరి గాలికి వెళ్ళాడని అనాలి. తప్పు చేస్తే వారం కూలి పోయే కాలక్షేపం నేనెక్కడా చూడలేదు. పేకాటలో తప్ప.

మీ అన్నయ్య గారికి చట్టం చెబితే గానీ వినరనుకుంటే అదీ ఉంది. 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టంలోనూ, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలోనూ ‘గృహ ఆధారిత కార్మికులు’ అన్న మాటకు నిర్వచనం ఇచ్చారు. యజమాని కోసం, డబ్బు తీసుకుని, తన ఇంట్లోనే వస్తువు తయారు చేసేవాళ్ళు కార్మికులే. సరుకు యజమాని ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే. మీరు బుడ్డి దగ్గర కూర్చుని అల్లిన ఆ 1996లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఇంటి దగ్గర చేసే పని మీద ఒక ఒడంబడిక చేసింది. 177వ నంబరుది. మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు, అది వేరే కథ. ఎక్కడో జెనీవాలో మీ పనికి పేరు పెడుతున్నారు, ఇక్కడ మీ ఏజెంటు రెండు పూలకు వారం కూలి పట్టుకుంటున్నాడు.

మీ అమ్మగారి మాటకు మాత్రం ఇంత తేలికగా జవాబు చెప్పలేను. ఎందుకంటే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, ఆ రోజుల్లో చెప్పుకోవలసిన మాట చెబుతున్నారు. మన డెల్టాలో ఒక ఇంటి పరువు ఎంతో తెలియాలంటే ఆ ఇంటి ఆడవాళ్ళు నాట్లకూ కోతలకూ కూలికి వెళతారా లేదా అని చూసేవారు. వెళ్ళకుండా ఉండగలిగితే ఒక మెట్టు పైన. లేసు ఆ మెట్టు దిగకుండా డబ్బు తెచ్చిపెట్టే పని. గుమ్మం దాటక్కరలేదు, ఎండలో కనబడక్కరలేదు, అరుగు మీద కూర్చుంటే చాలు. ‘కూలికి వెళుతోంది’ అన్న మాట పడకుండా ఉండాలంటే ‘ఊసుపోక అల్లుకుంటోంది’ అనాలి. ఇంటి పరువు కోసం ఆడవాళ్ళు పెట్టుకున్న ఆ పేరు ఏజెంటుకు బాగా కలిసొచ్చింది. ఊసుపోక చేసే పనికి ఎంత ఇస్తే ఏమిటి? బేరం ఆడితే అది కూలి అని ఒప్పుకున్నట్టే కదా. అందుకే బేరం ఆడలేదు.

ఈ మాట నా సొంత తెలివి కాదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళ గురించి మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న ఆడవాళ్ళను అందరూ గృహిణులని, వాళ్ళ పనిని తీరిక వేళల వ్యాపకమని అంటున్నారని, అల్లిన సరుకు విదేశాలకు పోతోందని, అమ్మే వ్యాపారం మగవాళ్ళ చేతిలో ఉందని రాశారు. చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గు వేసింది. దూరదేశం నుంచి వచ్చిన మనిషికి కనబడింది పక్క గట్టున పుట్టిన నాకు కనబడలేదేమని.

పక్క గట్టు అంటే నాది కోనసీమ. ఆ పుస్తకం అచ్చయిన 1982 వేసవిలోనే నేనూ నా తొలి ఉద్యోగం చేశాను. పదో తరగతి పరీక్షలు రాసి, అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టులో చేరాను. రోజుకు మూడు రూపాయలు. ఉదయం పూట ఒలుపు కార్మికులు తీసిన కాయలు లెక్క రాయడం, మధ్యాహ్నం కురిడీ ఏరడం. కురిడీ తెలుసు కదా? కాయను అటక మీద నెలల తరబడి ఉంచితే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. విడిగా కొట్టుకున్నట్టు వినబడితే కురిడీ, నీళ్ళ చప్పుడు వస్తే ఇంకా పక్కన పెట్టాలి, ఏ చప్పుడూ రాకపోతే అనుమానించాలి. పెద్దవి గండేరా రాశిలోకి, చిన్నవి గటగట రాశిలోకి. మూడో వారానికి కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. రాత్రి పడుకున్నా చెవిలో కాయలు దొర్లేవి. ఆఖరి వారం లెక్కలో తేడా వచ్చిందని కొట్టు యజమాని నా జీతం ఎగ్గొట్టాడు. తేడా నాది కాదు. అయినా నలభై ఏళ్ళుగా ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, ఆ ఎగ్గొట్టిన పద్దెనిమిది రూపాయలకు ఎన్ని పొగడ్తలు వసూలు చేశానో! పదిహేనేళ్ళకే కష్టపడ్డాడు అని.

అదే వేసవిలో మా అక్క పెరట్లో చాప వేసుకుని కొబ్బరి ఆకుల నుంచి ఈనెలు తీసి చీపుర్లు కట్టేది. వారానికి ఒకసారి ఒకామె వచ్చి ఎత్తుకెళ్ళేది. అక్క అప్పటికి మూడేళ్ళుగా ఆ పని చేస్తోంది. నా మొదటి జీతం రోజున మా ఇంట్లో పాయసం వండారు. అక్క మొదటి జీతం ఏ రోజు వచ్చిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, పాయసం సంగతి సరేసరి. మీ ఉత్తరం చదివేదాకా అది తొలి ఉద్యోగం అన్న ఆలోచనే నాకు రాలేదు. కాబట్టి మీ అన్నయ్య గారిని మరీ ఎక్కువగా తిట్టలేకపోతున్నాను.

తొలి సంపాదన గురించి మన డెల్టా మగవాళ్ళు చెప్పుకునే కథలు కొంచెం గమనించండి. రావులపాలెం మార్కెట్‌లో అరటి గెలలు మోశాం, ద్వారపూడిలో బట్టల కొట్టులో థానులు విప్పాం, అంతర్వేది తీర్థంలో బొమ్మలు అమ్మాం. అన్నిట్లోనూ ఇల్లు దాటి వెళ్ళడం ఉంటుంది, ఒక యజమాని ఉంటాడు, ఒక రోడ్డు ఉంటుంది. కథకు అవి కావాలి. ఆత్రేయపురంలో కుండ బోర్లించి, కొబ్బరాకు మంట పెట్టి, పలచటి పిండిలో ముంచిన గుడ్డను దాని మీద లాగి రేకులు తీసే అమ్మాయి కథలో రోడ్డు లేదు. పొయ్యి ఉంది. వేలి చివర కాలిన మచ్చలు ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మీ నరసాపురం లేసుకు 2024లో వచ్చింది. సరుకుకైతే గుర్తింపు వచ్చింది కదా, చేసిన చేతుల సంగతి ఆ వేదిక మీద మీరు చెప్పండి.

ఎలా చెప్పాలి అంటారా? మొదట, ‘నాది ఉద్యోగం అనవచ్చో లేదో గానీ’ అని మొదలుపెట్టకండి. ఆ ఒక్క వాక్యంతో సగం మంది ఫోన్లు తీస్తారు. ‘బాల్యం ఎంత మధురం’ అని కూడా వద్దు. ఆ మాట మీకంటే ముందు మాట్లాడిన నలుగురూ అనేసి ఉంటారు. ఆ వయసు తీపి వేరు, ఆ పని తీపి వేరు. పదమూడేళ్ళప్పుడు జామకాయ తిన్నా బాగానే ఉంటుంది, తిట్లు తిన్నా ముప్పై ఏళ్ళ తర్వాత బాగానే ఉంటుంది. ఆ తీపి అంతా తీసుకెళ్ళి ఏజెంటు ఖాతాలో వేయకండి.

పని చెప్పండి. చేతులు చెప్పండి. మీరు ఉత్తరంలో చేపల పులుసు మాట ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేనైతే దానితోనే మొదలుపెడతాను. గోదావరి జిల్లాలో చేపల పులుసు వండిన రోజు ఒక ఇంట్లో పిల్లలు దారం ముట్టుకోకూడదు అంటే చాలు, అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ తెల్ల దారం కళ్ళ ముందు కనబడుతుంది. ఎంత కడుక్కున్నా వేళ్ళకు నీచు వాసన ఉంటుందని అమ్మ భయం. వేసవిలో చెమట పట్టిన చేతికి బియ్యప్పిండి రాసుకునేవాళ్ళా, గుడ్డకు తుడుచుకునేవాళ్ళా? అల్లినంత మేర పసుపు అంటకుండా ఎక్కడ దాచేవాళ్ళు? పండగ రోజు గోరింటాకు పెట్టుకున్నారా, లేక ఎర్రదనం దారానికి అంటుతుందని మానేశారా? నాకు తెలియదు కాబట్టే అడుగుతున్నాను. అక్కడ కూర్చున్నవాళ్ళూ ఇవే వినాలనుకుంటారు.

ఎడమ చేతి చూపుడు వేలి మీద నుంచి దారం నడుస్తుంది కదా, ఏళ్ళ తరబడి నడిచిన చోట సన్నని గాడి పడుతుందని మా వైపు లేసు తెలిసిన ఒకావిడ చూపించారు. మీ వేలికి ఉందేమో చూసుకోండి. ఉంటే వేదిక మీద ఎత్తి చూపించండి. సోడాలు అమ్మినాయన దగ్గర అలాంటి సాక్ష్యం ఉండదు.

మీ ఇంట్లో ఏ పని జరిగేదో కూడా విడమరిచి చెప్పండి. లేసు అంటే బయటివాళ్ళకు అంతా ఒకటే. చేతిపని వేరు, అతుకుపని వేరు అని తెలియదు. ఒక ఇంట్లో పూలు అల్లితే, ఇంకో ఇంట్లో వాటిని కలిపి బల్లగుడ్డ చేస్తారని, పువ్వు అల్లిన పిల్ల ఆ బల్లగుడ్డను ఎన్నడూ చూడదని చెబితే ఆశ్చర్యపోతారు. మీరు అల్లిన పూలు ఎక్కడికి వెళ్ళాయో మీకు తెలుసా? ఏ దేశంలో ఎవరి టీ కప్పు కింద పడి ఉన్నాయో! ఊరి పొలిమేర దాటని పదకొండేళ్ళ పిల్ల చేతి పని ఓడెక్కి వెళ్ళింది. మీ బ్యాచిలో మిగతావాళ్ళ తొలి ఉద్యోగాలేవీ సముద్రం దాటలేదు. రొయ్యలు దాటి ఉంటాయి, కానీ వాటికి కాపలా పడుకున్నాయన గట్టు మీదే ఉన్నాడు.

తర్వాత లెక్క చెప్పండి. ఉత్తరం చదువుతూ నేను వేశాను. రోజుకు మూడు గంటల చొప్పున ఇరవై ఆరు రోజులు, డెబ్బై ఎనిమిది. నాలుగు ఆదివారాలు ఆరేసి గంటలు, ఇరవై నాలుగు. నెలకు నూట రెండు గంటలు. యాభై రూపాయలు వచ్చిన గొప్ప నెలలో కూడా గంటకు అర్ధరూపాయి పడలేదు. ఎగ్గొట్టిన వారం పక్కన పెడితే 1982లో నాకు ఎనిమిది గంటలకు మూడు రూపాయలు, అంటే గంటకు ముప్పై ఏడున్నర పైసలు. పద్నాలుగేళ్ళ తర్వాత, నాకంటే పదింతల నైపుణ్యం ఉన్న మీకు దాదాపు పన్నెండు పైసలు ఎక్కువ. కాయ ఊపడం మూడు వారాల్లో వచ్చేస్తుంది. లేసు మూడు వారాల్లో రాదు. ఈ లెక్క వేదిక మీద చెప్పేటప్పుడు గొంతు పెంచకండి, ఏడవకండి. కిరాణా చీటీ చదివినట్టు చదవండి. అప్పుడే తగులుతుంది.

తుపాను రాత్రుల సంగతి తప్పకుండా చెప్పండి. 1996 నవంబరు 6 మన రెండు గట్ల వాళ్ళకూ గుర్తే. కోనసీమలో కొబ్బరి తోటలు పడుకున్నాయి, మనుషులు పోయారు, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. సభలో అందరూ దాని గురించి ఏదో ఒకటి చెబుతారు. మీరు మాత్రమే ఆ చీకట్లో తెల్ల దారం అల్లడం గురించి, బుడ్డి దగ్గరగా పెట్టుకుంటే మసి, దూరంగా పెడితే కుట్టు కనబడదు అన్న ఇరకాటం గురించి చెప్పగలరు. వారం కూలి పట్టుకున్న ఏజెంటు పేరు మాత్రం చెప్పకండి. ఆయన పిల్లలో మనవలో అదే బళ్ళో చదివి ఉంటారు, అదే పందిట్లో కూర్చుని ఉంటారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. పదకొండేళ్ళ పిల్ల రోజుకు మూడు గంటలు చూపు కుట్టుకు ఆనించి కూర్చోవడం మంచిదని ఎవరికీ అనిపించకూడదు. మీకు కళ్ళజోడు ఎప్పుడు వచ్చిందో రాయలేదు. తొందరగానే వచ్చి ఉంటుందని నా అనుమానం. ‘అప్పట్లో పిల్లలు ఎంత కష్టపడేవాళ్ళో, ఇప్పటివాళ్ళు చూడండి’ అని ఎవరో ఒకరు మైకు అందుకుంటారు. ఆ మాటకు మీ కథను ఆసరా ఇవ్వకండి. 1986 నాటి బాల కార్మిక చట్టం ఇంట్లో కుటుంబంతో కలిసి చేసే పనిని వదిలేసింది. 2016లో సవరించి, పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు గానీ, బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనికి సాయం చేయడానికి అప్పుడూ వెసులుబాటు ఉంచారు. అంటే మీలాంటి పిల్ల చట్టానికీ ఇంట్లోనే ఉంది, కనబడలేదు. గర్వం ఉంటే ఉండనివ్వండి, కోపం ఉంటే అదీ ఉండనివ్వండి. అయిదు నిమిషాల్లో రెండూ పడతాయి.

ఇప్పుడు సైకిలు. ఇదే అసలు ముడి, మీరు దాన్ని ఉత్తరం మధ్యలో పెట్టి పైన పాటతో కప్పారు.

చెప్పండి. కానీ వేదిక మీద కాదు, పండగ మూడు రోజుల్లోనూ కాదు. భోగి నాడు చెబితే పండగ పోతుంది, కనుమ తర్వాత చెబితే ఆయన అప్పటికే మైకులో ఆ కథ చెప్పేసి ఉంటారు, ఇంకా ఎక్కువ చిన్నబుచ్చుకుంటారు. ఊరు వెళ్ళకముందే చెప్పాలి. మీరిద్దరూ ఒక చోట ఉంటే ఎదురుగా, లేకపోతే ఫోనులో, వదిన గారు పక్కన లేని సమయం చూసుకుని. అమ్మ మాట తప్పినట్టు అవుతుందని సంకోచిస్తున్నారేమో. అందుకని ముందు అమ్మకు చెప్పండి, ‘అన్నయ్యకు చెప్పబోతున్నాను’ అని. చెప్పవచ్చా అని అడగకండి, వద్దంటారు. యాభై దగ్గరికి వస్తున్న కొడుకు చిన్నబుచ్చుకుంటాడని ఇంకా దాయడం మీ అమ్మగారికి అలవాటైపోయింది, అంతే.

చెప్పేటప్పుడు ఆయన కథను లాక్కోకండి. రెండు నెలలు ఎండలో పంక్చర్లు వేసిన మాట నిజం. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసిన మాట నిజం. ఆ ఫ్రేము ఆయన కష్టం. చక్రాలు మీ ఇద్దరివి. ఫ్రేము లేకుండా చక్రాలు నిలబడవు, చక్రాలు లేకుండా ఫ్రేము నరసాపురం చేరదు. ‘నీ సైకిలు కథ నాకు చాలా ఇష్టం అన్నయ్యా, అందులో ఒక ముక్క తగ్గింది, అది కూడా కలిపి చెప్పు’ అనండి. కోపం వస్తే రానివ్వండి. రెండు రోజులు ఫోను ఎత్తకపోతే ఎత్తకపోనివ్వండి. కాస్త ఆలోచన ఉన్న మనిషైతే వేదిక మీద తనే చెబుతాడు, అప్పుడు మీరు చెప్పేదానికి ముందుమాట ఆయనే పలికినట్టు. చెప్పకపోతే? మీరూ చెప్పకండి. మీ అయిదు నిమిషాలు మీ లేసువి, ఆయన సైకిలువి కావు. మీ ఇద్దరి మధ్య మాట తేలింది కదా, ఊరికి పంచక్కరలేదు.

మీ అమ్మాయి నూట యాభై సంగతి విని నాకైతే నవ్వే వచ్చింది, ఏడుపు రాలేదు. మీకు ఏడుపు ఎందుకు వచ్చిందో అర్థమయింది. ఆ పిల్ల ధర తనే పెట్టింది. అల్లినది తనే అమ్మింది. మీకు ఆ రెండూ లేవు. తప్పకుండా ఆమెను సమ్మేళనానికి తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఒక పువ్వు మీరు అల్లి చూపించండి. వీడియోలో నేర్చినది, అరుగు మీద నేర్చినది పక్కపక్కన పెట్టి చూడమనండి. మీ కుట్టు బిగువు చూశాక తన ధర పెంచుతుందో, తగ్గిస్తుందో.

చివరగా అమ్మగారు. ఆవిడను ‘అది ఉద్యోగమా కాదా’ అని మళ్ళీ అడగకండి. అలా అడిగితే ఎన్నిసార్లైనా ఊసుపోక అనే అంటారు. లెక్కలు అడగండి. వారానికి ఎన్ని ఉండల దారం ఇచ్చేవాడు, ఒక ఉండకు ఎన్ని పూలు వచ్చేవి, మీకు సూది పట్టడం ఎవరు నేర్పారు, ఆవిడకు ఎవరు నేర్పారు అని. అల్లిక ఈ ప్రాంతానికి పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వల్ల వచ్చిందని పుస్తకాల్లో ఉంటుంది. మీ ఇంటి అరుగు మీదకు ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఏ పుస్తకంలోనూ ఉండదు. వంట చేస్తున్నప్పుడో, చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నప్పుడో అడగండి. చేతులు ఊరికే ఉన్నప్పుడు ఆ తరం వాళ్ళు మాట్లాడరు.

ఈ సలహా ఇచ్చే ముందు నేనే ఒకసారి పరీక్షించి చూశాను. నిన్న సాయంత్రం మా అక్కకు ఫోను చేశాను. ‘అక్కా, ఆ రోజుల్లో రోజుకు ఎన్ని చీపుర్లు కట్టేదానివి?’ అన్నాను. ‘ఇప్పుడెందుకురా అవన్నీ? ఆరేమో. ఉండు, కూర మాడుతోంది’ అని పెట్టేసింది. అరగంట తర్వాత తనే చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

‘ఆరు కాదురా, ఎనిమిది. ఆరు వానాకాలంలో.’